ఆకుపచ్చ గోడలో కిటికీ

కిందటి వారం భాగంలో మా నాన్నను నోరు తెరిచిన చోటే వదిలేసి వెళ్ళిపోయాను. తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. తెల్లవారుతుండగా, మంచం మీద లేచి కూర్చుని ఆయన అన్న మాట ఇది: "ఆ కిటికీ బొమ్మలో లేదమ్మా. నేనే పెట్టాను."

ఆ మాట మాకు ప్రాణంతో సమానం ఎందుకైందో, కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. మా అన్నయ్య మ్యూజియంలో స్టోరు కీపరు. గోడలకెక్కని బొమ్మలన్నీ కింద స్టోరులో ఉంటాయి, దాని తాళం అన్నయ్య దగ్గర ఉంటుంది. అదే మ్యూజియంలో వెనక గదిలో చిరిగిన కాగితాలు అతికే పని నాది. అందరూ నన్ను జిగురమ్మ అంటారు, నేనూ పలుకుతాను. పన్నెండు రోజుల కిందట కొత్త ఎగ్జిబిషన్ కోసం స్టోరులోంచి 'మెట్ల ఇల్లు' అనే పెద్ద బొమ్మను పైకి తెచ్చారు. దాని పక్కన పెడదామని, ముప్పై ఆరేళ్ళ కిందట నాన్న పనిచేసిన ప్రెస్సులో అదే బొమ్మతో అచ్చువేసిన పాత ఎగ్జిబిషన్ పోస్టరు కూడా తెచ్చారు. రెండూ పక్కపక్కన నిలబెట్టేసరికి తేడా హాల్లో అందరికీ కనబడింది. పోస్టరులో ఆకుపచ్చ గోడకు పైన చిన్న పసుపు కిటికీ ఉంది. బొమ్మలో లేదు.

బొమ్మ వేసినావిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ బొమ్మ రంగుల్లో ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలిన సాక్ష్యం ఆ పోస్టరొక్కటే. ఫైల్లో ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది గానీ, ఫ్లాషు మెరుపు సరిగ్గా ఆ గోడ మీదే పడి ఆ చోటంతా తెల్లబడింది. అసలు బొమ్మను ఎవరో మాయం చేసి, ఆ ఫోటో చూసి వేయించిన నకలు పెట్టారని, మెరుపు కింద కిటికీ ఉందని నకలు వేసినవాడికి తెలియలేదని కమిటీ అనుకుంటోంది. ఫోటో ఫైలు ఎవరి దగ్గరుంటుంది? అన్నయ్య దగ్గర. తాళం? అదీ అన్నయ్య దగ్గరే. ల్యాబు రిపోర్టుకు మూడు నెలలు పడుతుంది. ఈలోపు మనిషిని ఏం చేయాలో ఇవాళ సాయంత్రం నాలుగింటికి తేలుస్తారు. పోలీసులకు అప్పగించేస్తారని గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు.

ఇదీ సంగతి. ఆ కిటికీ అబద్ధమైతే మా అన్నయ్య బతుకుతాడు. నిజమైతే లేదు.

నేను పొద్దున్నే క్యూరేటర్ గారికి ఫోను చేసి నాన్న మాట చెప్పాను. ఆవిడ పదకొండింటికి ఇంటికొచ్చారు, చంకలో పోస్టరు గొట్టం, చేతిలో ఫైలు. చెప్పులు గుమ్మం పక్కన జతగా విడిచి లోపలికొచ్చారు. ఆవిడ మంచి మనిషి, అదే మా ఖర్మ. చెడ్డ మనిషైతే తిట్టుకునైనా మనసు తేలిక చేసుకునేవాళ్ళం. కమిటీలో మిగతా వాళ్ళందరూ అనవసరం అంటున్నా, పెద్దాయన చెప్పేది ఒకసారి వినకపోతే తప్పవుతుందని తనంతట తనే బయలుదేరి వచ్చారు.

ముందుగదిలో బల్ల మీదున్న నా కత్తెరలు, బ్రష్షులు తీసి చోటు చేశాను. మూలన వదిన ఇస్త్రీ చేస్తోంది. సాయంత్రం కమిటీ ముందు అన్నయ్య తొడుక్కోవాల్సిన చొక్కా అది. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, పొద్దుటి నుంచి ఆ ఒక్క చొక్కానే మూడుసార్లు ఇస్త్రీ చేసింది. ఆపమని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అన్నయ్యను నిన్నటి నుంచి మ్యూజియంలోనే రిజిస్టర్ల గదిలో కూర్చోబెట్టారు. ఇల్లు కదలొద్దన్నా వింటాడు, ఎక్కడికీ పారిపోయే రకం కాదని వాళ్ళకూ తెలుసు, అయినా తలుపు దగ్గర మనిషిని పెట్టారు.

క్యూరేటర్ గారు పోస్టరు విప్పారు. పాత కాగితం కదా, విప్పినకొద్దీ చుట్టుకుపోతోంది. ఒక మూల ఉప్పుడబ్బా పెట్టాను, ఒక మూల జిగురు సీసా, ఒక మూల నాన్న కళ్ళజోడు. నాలుగో మూల ఆవిడే అరచేత్తో అదిమి పట్టుకున్నారు. కళ్ళజోడుతో నాన్నకిప్పుడు పనిలేదు. నీటికాసులు వచ్చి ఆరేళ్ళ కిందటే రెండు కళ్ళూ పోయాయి. అయినా రోజూ పొద్దున్న తుడిచి పెట్టుకుంటాడు.

ఆ పోస్టరు నాకు కొత్త కాదు. అచ్చయిన ఏడాది నాన్న ఒక కాపీ ఇంటికి తెచ్చి మా పడగ్గది గోడకు అంటించాడు. నారింజరంగు ఆకాశం, తెల్లటి గోడలు, స్కేలు పెట్టి గీసినట్టు మెట్లు. ఆ మెట్లు ఎక్కుతాయి, ఎక్కుతాయి, ఎక్కడికీ చేరకుండానే ఆగిపోతాయి. కుడివైపు నిలువెత్తు ఆకుపచ్చ గోడ, దానికి పైన ఒకే ఒక్క కిటికీ. కింద పెద్ద పెద్ద అక్షరాల్లో ఎగ్జిబిషన్ పేరు, తేదీలు. బొమ్మ మొత్తంలో మనిషన్నవాడు లేడు. ఆ కిటికీ వెనక గది నాదంటే నాదని అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్ళం. వాడు నాకంటే మూడేళ్ళు పెద్ద, కాబట్టి గది వాడిదే అయింది. నాకు మెట్లు ఇచ్చాడు. ఎండ తగిలి తగిలి మా కాపీలో పసుపంతా ఎగిరిపోయింది, గోడ నీలంగా మారింది, కిటికీ ఉత్త తెల్ల చదరంగా మిగిలింది. క్యూరేటర్ గారి కాపీ గొట్టంలోనే ఉండిపోవడంతో నిన్న అచ్చువేసినట్టుంది.

నాన్న బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. కాగితం కుడి అంచు తడిమి, అక్కణ్ణుంచి ఒక జానెడు కొలిచాడు. పై అంచు నుంచి ఒక జానెడూ రెండు వేళ్ళూ కొలిచాడు. చూపుడువేలు దించితే అది సరిగ్గా ఆ పసుపు కిటికీ మీద వాలింది. క్యూరేటర్ గారు ముందుకు వంగారు. మూలన ఇస్త్రీపెట్టె ఆగింది.

మా నాన్న పనేమిటో చెప్పాలి. రంగుల బొమ్మ అచ్చువేయాలంటే ముందు దాన్ని ఫోటోతీసి నాలుగు నెగెటివ్‌లుగా విడగొట్టేవాళ్ళు, రంగుకొకటి. ఒక్కో నెగెటివ్ నుంచి ఒక్కో అచ్చు ప్లేటు తయారయ్యేది. వాటిమీద దుమ్ము పడినా, గీత పడినా, అది అచ్చులో కనబడుతుంది. సన్న బ్రష్షుతో, ఎర్రటి మందుతో ఆ దోషాలను మూసేవాడు మా నాన్న. నలభై ఏళ్ళు అదే పని, ఒకటే కుర్చీ. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే ఒక మాట చెప్పేవాడట: లేనిది చేర్చకూడదు, ఉన్నది తీసేయకూడదు. ఇంట్లో మాకూ అదే పాఠం. పరీక్షలో నాకు తక్కువ వచ్చిందని మార్కుల కాగితం మీద మూడును ఎనిమిది చేస్తే, మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అలాంటి మనిషి ఇప్పుడు తలొంచుకుని తన తప్పు ఒప్పుకుంటున్నాడు. నాకు సిగ్గుగానూ ఉంది, దండం పెట్టాలనీ ఉంది.

"నీలం నెగెటివ్ మీద గీత పడిందమ్మా," అని మొదలుపెట్టాడు. "ఆకాశం నుంచి కిందికి, ఈ గోడ మీదుగా. ముందు ఎవరూ చూసుకోలేదు. నీలం ప్లేటు కట్టి పాతిక షీట్లు తీశాక ప్రెస్సు మేస్త్రీ చూసి గొడవచేశాడు. ప్లేటు దింపించి నెగెటివ్ నా ముందు పడేశాడు. ఆకాశంలో గీత మూశాను. గోడ మీద మూస్తుంటే చెయ్యి జారింది, మందు పెద్ద చుక్క పడింది."

"పడితే ఏమవుతుంది?" అన్నారు క్యూరేటర్ గారు.

"మందు పడ్డచోట నీలం అచ్చుపడదు. ఈ గోడ ఆకుపచ్చ కదా, అంటే పసుపు మీద నీలం. నీలం పడకపోతే ఉత్త పసుపు మిగులుతుంది. గోడ మధ్యలో పసుపు మరక. మందు కడిగితే కింద నెగెటివే పోయే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టేంత మరక. నాలుగు మూలలూ సరిచేసి చదరం చేసేశాను. ఇల్లే కదా, ఇంటికి కిటికీ ఉంటే ఎవరడుగుతారు అనుకున్నాను."

క్యూరేటర్ గారు అంతా రాసుకున్నారు. ఎందుకు దాచారని అడిగితే, చెప్తే ఆ రోజే కుర్చీ ఖాళీ చేయాల్సి వచ్చేదన్నాడు. ఆవిడ తల ఊపారు. ఆ ఊపులో నమ్మకం కనిపించింది నాకు. పన్నెండు రోజుల్లో మొదటిసారి నా భుజాల మీది బరువు దిగింది. వదిన చొక్కా మడతపెట్టి గుండెకు ఆనించుకుని నిలబడింది.

అప్పుడు క్యూరేటర్ గారు పెన్ను కింద పెట్టారు.

"ఒక్క విషయం. ఆ బొమ్మ వేసినావిడ అప్పటికి ఉన్నారు. పోస్టరు అచ్చయ్యాక ఆవిడ చూడలేదా?"

చూసిందన్నాడు నాన్న. ప్రెస్సుకే వచ్చిందట. పొడుగ్గా ఉండేదట, కుర్చీ వేస్తే కూర్చోలేదట. మేస్త్రీ షీటు పట్టుకుంటే చాలాసేపు చూసి, బాగుందని వెళ్ళిపోయిందట.

"తన బొమ్మలో లేని కిటికీ కనిపిస్తే బాగుందంటారా ఎవరైనా?"

ఆవిడ గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. బొమ్మ వేసినావిడకు తొందరేమో అన్నాడు నాన్న. చూపు తక్కువేమో అన్నాడు. నాన్న నీళ్ళు నమలడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. క్యూరేటర్ గారు ఫైలు మూయబోయారు. తండ్రి కొడుకు కోసం చెప్పిన సాక్ష్యం ఎంతవరకు నిలబడుతుందో నాకూ తెలిసే ఉంటుందని, ఇంకేదైనా ఆధారం ఉంటే తప్ప కమిటీ ముందు తన మాట కూడా చెల్లదని మెల్లగా చెప్పారు. పెద్దవారిని ఇబ్బంది పెట్టినందుకు క్షమించమన్నారు కూడా.

వదిన చొక్కా బల్ల మీద జారవిడిచింది. అన్నయ్య వయసు నలభై ఆరు. ఇరవై రెండేళ్ళుగా ఒకే తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగిన మనిషి. లాకప్పులో మూడు నెలలు అన్న మాట నా తలలో గింగిరాలు తిరిగింది. మెదడంతా గాలించాను. అప్పుడు తట్టింది నాకు. తట్టకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది గానీ, ఆ క్షణాన దేవుడే చెవిలో చెప్పినట్టనిపించింది.

"కాగితం ఉంది మేడం," అన్నాను. "వేస్టు షీట్లున్నాయి."

ఏ ప్రెస్సు పిల్లలనడిగినా చెప్తారు, మా నోటుపుస్తకాల అట్టలే వేరు. అచ్చులో పాడైన షీట్లు నాన్న ఇంటికి తెచ్చేవాడు. బడి తెరిచే ముందు రోజు నేల మీద కూర్చుని అట్టలు వేసేవాడు. నా లెక్కల పుస్తకం మీద చక్రాలు లేని ట్రాక్టరు, అన్నయ్య చరిత్ర పుస్తకం మీద తలనూనె అమ్మే ఆవిడ సగం మొహం. క్లాసులో నవ్వేవాళ్ళు. అన్నయ్య ఐదో క్లాసు పుస్తకాల్లో ఒకదానికి నీలం అట్ట ఉండేది. మా గోడ మీదున్న పోస్టరే, కానీ ఒట్టి నీలం రంగులో. చిన్నప్పుడు అదో వింత మాకు. ఇప్పుడర్థమైంది. అది నీలం ప్లేటు మాత్రమే పడిన షీటు. మేస్త్రీ గొడవ చేసి ఆపేసిన పాతిక షీట్లలో ఒకటి. దానిమీద నాన్న చెప్పిన గీత ఉండాలి. గీత ఉందంటే అది నాన్న బ్రష్షు ముట్టకముందు తీసిన షీటు. అందులో గోడ నిండుగా, కిటికీ లేకుండా ఉందంటే ఇక అడిగేదేముంది?

ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. క్యూరేటర్ గారు మళ్ళీ పెన్ను తీశారు. గీత ఉండి కిటికీ లేకపోతే అంతకంటే ఆధారం అక్కర్లేదని, తనే కమిటీలో నిలబడి చెప్తానని అన్నారు. వదిన అప్పటికే పడగ్గదిలోకి స్టూలు లాక్కుపోయింది.

నాన్న మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"అవి ఇంకా ఎక్కడున్నాయమ్మా? ఇల్లు మారినప్పుడే పోయుంటాయి."

"పోలేదు నాన్నా. అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి."

"చెదలు తినేసుంటాయి. ఎందుకా దుమ్మంతా. ఆవిడకు టైమవుతోంది."

"నేను పెట్టిన కాగితానికి చెదలు పడతాయా?" అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. నలభై మూడేళ్ళ ఆడదాన్ని, వృత్తి కాగితాలు చదవడం. ఎదురుగా కన్నతండ్రి మొహం ఉంటే చదవలేకపోయాను. పాత తప్పు బయటపడుతున్న సిగ్గు కాబోలనుకున్నాను.

పెట్టె దింపాం. మూత తీస్తే కలరా ఉండల వాసన. పై వరుస నావి, కింద వరుస అన్నయ్యవి. వదిన ఒక్కొక్కటీ తీసి నాకందించింది. ట్రాక్టరు వచ్చింది. సగం మొహం వచ్చింది. క్యాలెండరు వచ్చింది, అందులో ఒకే నెల రెండుసార్లు అచ్చయింది. మామూలు రోజైతే ఇద్దరం కూర్చుని నవ్వుకునేవాళ్ళం. అడుగున, భూగోళం పుస్తకానికి, నీలం అట్ట. అన్నయ్య గుండ్రటి చేతిరాతలో పేరు, క్లాసు, సెక్షను. పుస్తకాన్ని గబగబా ఒళ్ళోకి తీసుకున్నాను.

ముందుగదిలో వెలుతురు చాలదు. వంటగది వెనక వరండాలోకి తీసుకెళ్ళాను. నా పని పద్ధతి అది, పాత కాగితాన్ని ఎండకు పక్కవాటుగా పట్టి చూడాలి, అప్పుడే దాని మీద జరిగినవన్నీ కనిపిస్తాయి. అట్ట మెల్లగా ఊడదీశాను. మడతలు విప్పితే సగం పోస్టరంత కాగితం. నా అదృష్టం కొద్దీ కుడివైపు సగమే, గోడ ఉన్న సగం.

గీత ఉంది.

ఆకాశంలో మొదలై, వెంట్రుకంత సన్నగా, ముదురు నీలంగా కిందికి దిగింది. నాన్న చెప్పింది చెప్పినట్టే ఉంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని గీత వెంట కిందికి చూశాను. ఆకాశం దాటింది, గోడలోకి వచ్చింది. అక్కడ నీలం ఆగిపోయింది. తెల్లటి చదరం. నాలుగు మూలలు. గీత ఆ చదరాన్ని కూడా వదల్లేదు, దాని మధ్యనుంచి నిలువునా దూరి మళ్ళీ గోడలోకి పోయింది.

గీత మీద ఇంకా ఎవరూ మందు పూయలేదు. నాన్న బ్రష్షు ఇంకా ఆ నెగెటివ్‌ను ముట్టలేదు. అయినా కిటికీ ఉంది.

ఆ తెల్ల చదరంలో పెన్సిలుతో గీసిన చిన్న మనిషి ఉన్నాడు. గుండ్రటి తల, రెండు చేతులు కిటికీ చట్టం మీద. పక్కన చీమంత అక్షరాల్లో 'నేను' అని రాసుంది. పదేళ్ళప్పుడు మా అన్నయ్య తన గదిలో తనను నిలబెట్టుకున్నాడు. ముప్పై ఆరేళ్ళ కిందటి పెన్సిలు, కాస్త కూడా చెరగలేదు. అంత బాగా దాచాను నేను.

గోడకు చేరగిలబడ్డాను. గోడ తడుముకుంటూ నాన్న వచ్చాడు. నా ఊపిరి వినబడిన చోట ఆగాడు.

"గీత ఉందా?" అన్నాడు మెల్లగా.

"ఉంది."

కిటికీ లేదు కదా అని అడగాలి. ఏ తండ్రైనా అదే అడుగుతాడు. కొడుకు ప్రాణం దానిమీదే ఉంది. నేను ఎదురుచూశాను. నాన్న అడగలేదు. వరండా ఇనుప చువ్వ పట్టుకుని నిలబడ్డాడు, అంతే. ఆ అడగకపోవడంలోనే నాకు సమస్తం తెలిసిపోయింది.

"కిటికీ కూడా ఉంది నాన్నా," అన్నాను.

"ఆ అట్ట ఇంకా ఉంటుందనుకోలేదమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు, నా మీద విసుగూ లేదు. చాలా అలిసిపోయినట్టుగా అన్నాడు. కళ్ళు చూపు లేకపోయినా నా వైపే ఉన్నాయి.

"నలభై ఏళ్ళలో ఒక్కటీ చేర్చలేదు. ఇవాళ చేర్చాను. చేతకాలేదు."

నాకు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. అప్పటిదాకా మా అన్నయ్య నిర్దోషి అన్నది నాకు నేల లాంటిది, ఉందా లేదా అని చూసుకునే పనే లేదు. ఇప్పుడు ఆ నేల కదిలింది. బొమ్మలో నిజంగానే కిటికీ ఉండేది. స్టోరులో ఉన్న బొమ్మకు కిటికీ లేదు. తాళం అన్నయ్య మొలలో ఉంది.

"అయితే అన్నయ్యే..." అన్నాను.

"నేను వాణ్ణి అడగలేదు," అన్నాడు నాన్న. "మొన్న రాత్రి నా మంచం దగ్గర కూర్చున్నాడు, చాలాసేపు. అడుగుతాననే కూర్చున్నాడేమో. అడిగితే నాకు అబద్ధం చెప్పడు వాడు. అందుకే అడగలేదు."

నాన్న చెయ్యి పట్టుకున్నాను. ఇంకో చేతిలో నీలం కాగితం. వంటగదిలో గట్టు మీద అగ్గిపెట్టె కనిపిస్తోంది. నాలుగడుగులు. జీవితంలో ఒక్క కాగితం ముక్క నేను నాశనం చేయలేదు, బస్సు టికెట్టు కూడా. ఈ ఒక్కటీ చేస్తే ఎవరికీ తెలియదు. చెదలు తినేశాయని నాన్న ముందే చెప్పాడు కూడా. ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. దొరికిందా అని క్యూరేటర్ గారు పిలిచారు.

నేను ఆ నాలుగడుగులూ వేసేదాన్నే. వేస్తానని నాన్నకూ తెలుసు, నా చెయ్యి వదిలేశాడు. ఈలోగా వదిన గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలో నీలం కాగితం చూసింది. పై భాగంలో, వెలుతురు పడ్డచోట, ముదురు గీత చూసింది. గీత ఉంటే చాలు అని మేమందరం మాట్లాడుకోవడం విన్నది పాపం, అందులో ఇంకేం చూడాలో ఆవిడకేం తెలుసు.

"ఉంది కదూ," అంది. "గీత ఉంది."

పన్నెండు రోజులుగా చూడని మొహం అది. నేను వద్దనేలోపు కాగితం నా వేళ్ళలోంచి లాక్కుంది. వదినా అని పిలిచాను. అడ్డుపడబోయిన నాన్న చెయ్యి గాలిలో ఒకసారి వెతికి ఊరుకుంది. వదిన పరుగెత్తింది. దొరికిందండీ, దొరికిందండీ అంటూ ముందుగదిలోకి పోయి, అన్నయ్య చొక్కా పక్కకు జరిపి, ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, రెండు చేతులతో మడతలు సాపు చేసింది.

నేను గుమ్మం దాకా వెళ్ళగలిగాను. క్యూరేటర్ గారు నా భూతద్దం తీసుకున్నారు. ముందుగా ఆకాశం మీద పెట్టారు. గీత కనిపించగానే తలెత్తి వదిన వైపు చూసి నవ్వారు. మనస్ఫూర్తిగా నవ్వారు. తర్వాత మళ్ళీ వంగి, గీత వెంట భూతద్దాన్ని మెల్లగా కిందికి జరపడం మొదలుపెట్టారు.